పనామా లౌడ్‌స్పీకరు గారికి

1989 డిసెంబరు చివరి వారంలో, పనామా నగరంలోని వాటికన్ రాయబారి నివాసం ఎదుట అమెరికా సైన్యం నిలబెట్టిన లౌడ్‌స్పీకరు గారికి,

నమస్కారం. పందిరి మైకులతో వేగినవాళ్లం కనుక మీ జాతి మాకు కొత్త కాదు. అయినా, లోపల నక్కిన పనామా సైనిక నియంత మాన్యుయెల్ నోరియేగా మీద రాత్రింబవళ్లు రాక్ పాటలు కుమ్మరించిన ఘనత మీదే. లోపలి మంతనాలు విలేఖరుల మైకులకు చిక్కకూడదనే మిమ్మల్ని మోగించామని సైన్యం చెప్పుకుంది. మైకుకు మైకే విరుగుడన్నమాట!

మీకు పాటలు తెలుసు గానీ పద్దులు తెలియవు. పనామా సైన్యంలో గూఢచారి విభాగాన్ని నడిపి, అందరి గుట్టూ గుప్పిట్లో పెట్టుకుని, 1983లో సైన్యాధిపతి అయ్యాడు నోరియేగా. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, అమెరికా సైన్యం కలిసి అతనికి ఏళ్ల తరబడి ముట్టజెప్పింది సుమారు 3,20,000 డాలర్లని, తర్వాత అతని మీద నడిచిన మత్తుమందుల కేసులో మియామీ కోర్టులో అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది. కాదు, కోటి డాలర్లని అతని లాయర్ల వాదన. 1976లో సీఐఏ అధిపతిగా అతన్ని కలిసిన జార్జ్ బుష్, 1989లో అధ్యక్షుడై అతని మీదికే దండు పంపాడు. చెయ్యి తడిపినన్నాళ్లూ చడీచప్పుడూ లేదు, వదిలించుకోవాల్సి వచ్చాకే మీ మోత.

అతనూ తక్కువవాడు కాదు లెండి. 1989 మేలో తన మనిషి ఓడిన ఎన్నికలనే రద్దు చేయించాడు. సభల్లో మచ్చుకత్తి ఝళిపించాడు. డిసెంబరు 15న తన చెప్పుచేతల్లోని సభతో ‘మహానాయకుడు’ అనిపించుకున్నాడు. ఐదో రోజుకల్లా పాతికవేలకు పైగా సైనికులు మీద పడ్డారు. అతని అడ్డాలో 50 కిలోల కొకైన్ దొరికిందని చాటారు కూడా. తీరా చూస్తే అరటాకుల్లో చుట్టిన మొక్కజొన్న పిండి, తమాలేలు! పనసాకు బుట్టల్లో మన పొట్టిక్కలు చూసినా అలాగే అరిచేవారేమో.

వాటికన్ మొర పెట్టుకుంటే కొద్దిరోజుల్లోనే మీ నోరు మూయించారు. మీరు మూగబోయాకే, జనవరి 3 రాత్రి, అతను యూనిఫారం తొడుక్కుని బయటికొచ్చాడు. తర్వాత మియామీ, పారిస్, పనామా జైళ్లు. 2017లో చావు.

ఒక్క మాట అడగాలి. సైన్యం దిగిన రాత్రి, అతని కార్యాలయం పక్కనే ఉన్న ఎల్ చొరియో పేటలో చెక్క ఇళ్లు వరసగా తగలబడ్డాయి. పోయినవాళ్లెందరో ఇప్పటికీ లెక్క తేలలేదు. ఆ పేర్లు చదవడానికి మిమ్మల్ని ఎవరైనా అద్దెకు అడిగారా?

ఇట్లు,
పందిరి మైకు పక్కింటివాడు