ఇంటెల్ కొన్నది కారును కాదు, కళ్లను

2017 మార్చిలో చిప్‌ల తయారీ సంస్థ ఇంటెల్, కార్లకు కెమెరా చూపునిచ్చే జెరూసలేం సంస్థ మొబైల్‌ఐని 1,530 కోట్ల డాలర్లకు, అంటే నాటి మారకంలో సుమారు లక్ష కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. అంతకు ముందు ఏడాది మొబైల్‌ఐ ఆదాయం 35.8 కోట్ల డాలర్లే. ఏడాది రాబడికి 43 రెట్లు పెట్టారంటే ఆ ధరలో వ్యాపారం పాలు కొంత, భయం పాలు కొంత ఉన్నాయనుకోవాలి.

భయానికి కారణం లేకపోలేదు. కంప్యూటర్ ప్రాసెసర్లను ఏలిన ఇంటెల్ సెల్‌ఫోన్ల కాలంలో వెనకబడింది; ఆ మార్కెట్టు క్వాల్‌కామ్ వంటి సంస్థల పాలైంది. కార్లలోనూ అదే జరుగుతుందేమోనన్న బెంగతో ఉండగానే, 2016 అక్టోబరులో క్వాల్‌కామ్ కార్ల చిప్‌లలో పేరున్న ఎన్‌ఎక్స్‌పీకి బేరం పెట్టింది. ఆ బేరం చైనా అనుమతి దొరకక 2018లో రద్దయిందనుకోండి, అది వేరే సంగతి.

1999లో అమ్నాన్ షషువా, జివ్ అవీరామ్ స్థాపించిన మొబైల్‌ఐ బలం, కారు ముందు అద్దం వెనక బిగించిన చిన్న కెమెరాతో రోడ్డును చదవగలగడం. ఆ పని చేసే ఐక్యూ చిప్‌లు అప్పటికే అనేక కంపెనీల కార్లలో ఉన్నాయి. వాటిని తయారుచేసి ఇస్తున్నది మాత్రం ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ అనే మరో చిప్‌ల సంస్థ. కాబట్టి ఇంటెల్ డబ్బు పోసింది ఫ్యాక్టరీకి కాదు, రోడ్డును గుర్తుపట్టే తెలివికి, కార్ల కంపెనీలతో కుదిరిన సంబంధాలకు.

ఆ తెలివికి ఆధారం రోడ్డు మీది గీతలు. యాసంగి కోతలప్పుడు హన్మకొండ నుంచి హుజూరాబాద్ వైపు ఊళ్లలోకి వెళ్లి చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, బండ్లు ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు పేర్చి ఉంటాయి, చీకటి పడితే పరదా కప్పిన కుప్ప దగ్గరికొస్తే తప్ప కనబడదు. అక్కడ లేన్ గీత అంటే ఆ రాళ్ల వరసే. అది ఎవరు పెట్టారో, ఎప్పుడు తీస్తారో మన డ్రైవరుకు తెలుసు. జర్మనీ, అమెరికా రోడ్ల మీద నేర్చుకున్న కెమెరాకు తెలియదు. ఈ తేడాను పట్టుకునే ఇంటెల్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కలిసి మన రోడ్ల మీద తీసిన 10,000 చిత్రాలతో 2018లో ఒక డేటాసెట్, అంటే కంప్యూటర్‌కు రోడ్డును నేర్పే చిత్రాల సమాహారం, విడుదల చేశాయి. అందులో ఆటోకు, పశువులకు, రోడ్డు పక్క బండి దించగల మట్టి నేలకు వేర్వేరు గుర్తింపులున్నాయి. లక్ష కోట్ల బేరం కంటే ఈ చిన్న పనే నాకు ముఖ్యంగా తోస్తుంది.

2022 అక్టోబరులో ఇంటెల్ మొబైల్‌ఐని తిరిగి స్టాక్ మార్కెట్‌కు తెచ్చినప్పుడు దాని విలువ దాదాపు 1,700 కోట్ల డాలర్లు. ఐదేళ్ల నిరీక్షణకు అది చాలా స్వల్ప లాభం. ఆ ఐదేళ్లలో డ్రైవరు లేని కారు ఇంటింటికీ రాలేదు, మొబైల్‌ఐ ఆదాయంలో సింహభాగం డ్రైవరుకు తోడుండే పరికరాలదే. ఇంటెల్, ట్రిపుల్ ఐటీ భాగస్వామ్యంతో నాగపూర్ సిటీ బస్సుల్లో, ఆ తర్వాత మన ఆర్టీసీ బస్సుల్లో బిగించినవీ ఆ కోవవే. స్టీరింగు డ్రైవరు చేతిలోనే ఉంటుంది. ముందు బండి మరీ దగ్గరైతే ఆ పరికరం బీప్ కొడుతుంది.