చావు జరిగిన ఇంటికే ముందు స్టార్ కట్టాలి

ఈ ఏడు మా అక్క వాళ్లింటికి క్రిస్మస్ పండగ లేదట. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు ఈ మాట నా చెవిన వేస్తూనే ఉన్నారు. మందిరం మెట్ల మీద చెప్పులేసుకుంటుంటే ఒకావిడ, చేపల బజారులో ఇంకొకావిడ, ఫోన్లో మా మేనత్త. "మీ బావ పోయి ఏడాది తిరగలేదు కదమ్మా, ఈసారికి స్టారూ గీరూ పెట్టుకోకండి, నలుగురూ ఏమన్నా అనుకుంటారు." ప్రేమగానే అన్నారు, అందులో అనుమానం లేదు. ప్రేమగా అన్నారు కాబట్టే మొహం మీద ఏమీ అనలేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుద్ది, ఓపికుంటే చదవండి.

మా బావ మస్కట్‌లో డ్రైవరుగా చేసేవాడు. ఆగస్టులో ఓ రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది. కోనసీమలో ఇలాంటి ఇళ్లు ఎన్నున్నాయో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాగితాల మీద కాగితాలు అయ్యాక పెట్టె హైదరాబాద్‌లో దిగింది, అక్కణ్ణుంచి అంబులెన్సు. మూత తీసి మొహం వరకే చూపించారు. సమాధుల తోటలో పెట్టి వచ్చాం. తర్వాత ఆదరణ కూడిక పెట్టారు. పాటలు పాడారు, వాక్యం చెప్పారు, "దేవుడికి ప్రియమైనవాణ్ణి తొందరగా తీసుకున్నాడమ్మా" అన్నారు. (ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ, ఇద్దరు చిన్న పిల్లల తల్లితో అనాల్సిన మాట మాత్రం కాదు.) భోజనాలు అయ్యాయి, జనం ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు, ఆదరణ కూడా వాళ్లతో పాటే వెళ్లిపోయింది.

సరే, ఆచారం సంగతి. చావు జరిగిన ఇంట్లో ఏడాది పండగ చెయ్యకపోవడం మన గోదావరి వైపు అందరికీ ఉన్నదే. హిందువుల ఇంట్లో అయితే ఆ ఏడు సంక్రాంతి కళ ఉండదు, మన ఇంట్లో అయితే స్టార్ ఎక్కదు, అరిసెలకి పాకం పట్టరు, కొత్త బట్టలు కట్టరు. ఇరుగుపొరుగు వాళ్లే డబ్బాల్లో పిండివంటలు సర్ది పంపిస్తారు. ఇందులో దయ ఉంది, నేను కాదనను. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషిని పొయ్యి దగ్గర కూచోబెట్టి జంతికలు వత్తమనకుండా కాపాడుతుంది. ఆ భాగానికి నా దణ్ణం. కానీ పండగ పని లేదు అనడం వేరు, నీకు పండగే లేదు అనడం వేరు. రెండోది అనాలంటే, అసలు ఈ పండగ దేని గురించో ఒకసారి చూసుకుని అనాలి.

బైబిల్లో లూకా రాసింది తీసుకోండి. రోమా చక్రవర్తి కైసరు ఔగుస్తు జనాభా లెక్క రాయించమని ఆజ్ఞ వేశాడు. ఆ ఆజ్ఞ కోసం నెలలు నిండిన పిల్ల, మరియ, నజరేతు నుంచి బేత్లెహేముకి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసింది. కన్నవాళ్ల ఇంట్లో కాన్పు లేదు. పక్కన తల్లి ఉందని గానీ, మంత్రసాని ఉందని గానీ లూకా రాయలేదు. "సత్రములో వారికి స్థలము లేనందున" పిల్లాణ్ణి పశువుల తొట్టిలో పడుకోబెట్టింది.

మనం పాక కట్టేటప్పుడు ఆ తొట్టిని ఎంత ముద్దుగా చేస్తామో కదా! థర్మాకోలు, బంగారు కాగితం, మెరుపు దండలు, పైన మంచు అని దూది. కోనసీమలో మంచంటే పొద్దున్నే కొబ్బరాకుల మీంచి కారే చుక్కలే, అయినా దూది మాత్రం తప్పదు. నిజం గొడ్ల సావిడి ఎలా ఉంటుందో మనకి తెలీదా? డిసెంబరులోనే వెళ్లి చూడండి. సార్వా కోతలయి కొత్త గడ్డి వామి వేసి ఉంటుంది, ఆ పచ్చి వాసన బాగానే ఉంటుంది. కింద మాత్రం ఉచ్చతో తడిసిన నేల, సందు దొరికితే చాలు కుట్టే దోమలు, వాటి కోసం వేసిన పిడకల పొగ, తొట్టి అంచున గట్టిపడిన తవుడు, రాత్రంతా గొలుసు చప్పుడు. అలాంటి చోట పచ్చి బాలింత. పిల్లాడి కింద మెత్తగా పరిచిన గడ్డి కూడా గొడ్డు తినగా మిగిలిందే అయ్యుంటుంది.

దేవుడు ఈ లోకానికి రావడానికి ఎంచుకున్న ఇల్లు అదీ. ముందు ఇల్లు సర్దుకోండి, కళ్లు తుడుచుకోండి, నేను వస్తాను అనలేదు. ఏదీ బాగుపడకముందే వచ్చాడు. రోమా వాళ్లు అలాగే ఉన్నారు, పన్నులు అలాగే ఉన్నాయి, బీదరికం అలాగే ఉంది. ఆ బీదరికం ఎంతో కూడా లూకా చెప్పాడు. శుద్ధి దినాలు అయ్యాక పిల్లాణ్ణి దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు వాళ్లు ఇచ్చిన బలి, గొర్రెపిల్లని ఇచ్చుకోలేని వాళ్లు ఇచ్చే పక్షుల జత.

అక్కడే అసలు విషయం ఉంది. మన సండేస్కూల్ డ్రామాలు గొల్లల దగ్గర ఒక పాట, జ్ఞానుల దగ్గర ఒక పాట పెట్టి అయిపోతాయి. ఇంకొంచెం కిందికి చదివితే దేవాలయంలో అన్న అనే ముసలామె కనబడుద్ది. పెళ్లయ్యాక ఏడేళ్లే కాపురం. ఆ తర్వాత ఎనభై నాలుగేళ్లు విధవరాలై ఉందని మన తెలుగు బైబిల్లో ఉంది. యెరూషలేములో విమోచన కోసం కనిపెట్టుకుని ఉన్న వాళ్లందరితో ఆ బిడ్డ గురించి మాట్లాడింది ఈమే. గొల్లల తర్వాత ఊళ్లో ఆ కబురు చెప్పింది ఒక విధవరాలు! మనమేమో పెళ్లిలో నలుగు పెట్టే దగ్గరికి భర్త పోయినామెని పిలవం. ఎదురొస్తే ఒక క్షణం ఆగుతాం. బాప్తిస్మం తీసుకుని మూడు తరాలైన ఇళ్లలో కూడా ఆ బుద్ధి పోలేదు, ఒప్పుకుందాం. మా అక్కని "నీకు పండగ లేదు" అన్నవాళ్లు ఆరోజు దేవాలయం గుమ్మంలో ఉండుంటే, అన్నమ్మ గారిని కూడా లోపలికి పోనిచ్చేవాళ్లు కాదేమో.

ఆ రోజే సుమెయోను అనే పెద్దాయన బిడ్డని ఎత్తుకుని దేవుణ్ణి స్తుతించి, మరియ వైపు తిరిగి, నీ హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుంది అని చెప్పాడు. చంకలో నెలన్నర కూడా నిండని పిల్లాడున్న తల్లితో! దీన్ని ఏ క్రిస్మస్ కార్డు మీదా వెయ్యరు.

ఇక మత్తయి సువార్త దగ్గరికొస్తే హేరోదు రాజు. మా డ్రామాల్లో హేరోదు వేషానికి కొట్టుకుంటారు పిల్లలు, మీసం, కత్తి, పెద్ద గొంతు ఉంటాయని. వాడు సింహాసనం మీద అరిచి తెర వెనక్కి పోతాడు, అందరూ నవ్వుతారు. ఆ తర్వాత బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించిన సంగతి మనం వెయ్యం. వెయ్యలేం లెండి, చిన్నపిల్లలు. కానీ మత్తయి దాన్ని తీసెయ్యలేదు. యిర్మీయా ప్రవక్త మాట తెచ్చి మరీ పెట్టాడు: రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ "ఓదార్పు పొందనొల్లక యుండెను" అని. ఓదార్చబోతే ఒద్దు పొమ్మన్న తల్లికి క్రిస్మస్ కథ లోపల చోటుంది. ఆమెని ఎవరూ విశ్వాసం తక్కువ అనలేదు. ఏసు కూడా లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు కదండీ. మరి "నిరీక్షణ ఉన్నవాళ్లం, ఏడవకూడదు" అని మా అక్క భుజం తట్టిన ఆ బ్రదర్ గారు ఏ బైబిల్ చదువుతున్నారో!

హేరోదు చేతికి చిక్కకుండా బిడ్డ ఏసుని తీసుకుని తల్లిదండ్రులు రాత్రికి రాత్రి ఐగుప్తుకి (ఈజిప్టుకి) పోయారు. పరాయి దేశం. అక్కణ్ణుంచి వాళ్లు తిరిగొచ్చారు, మా బావ పెట్టెలో వచ్చాడు. ఈ తేడా నాకు తెలుసు. దాన్ని వాక్యంతో పూడ్చేద్దామని నేను చూడట్లేదు. అక్క కూడా ఒకసారి అడిగింది, "వాళ్లని దాటించినోడు ఈయన్ని ఎందుకు దాటించలేదే?" అని. నా దగ్గర జవాబు లేదు, పాస్టరు గారి దగ్గరా లేదు. ఆయన మంచాయన, లేదనే చెప్పారు. నాకు పట్టు దొరికేది ఒక్కచోటే. ఐగుప్తుకి దాటిపోయిన ఆ బిడ్డ పెద్దయ్యాక సిలువని దాటిపోలేదు. చావులోకి తనూ దిగాడు, మూడో రోజు లేచాడు. తొట్టి దగ్గర మొదలైన కథ ఖాళీ సమాధి దాకా వెళ్తుంది కాబట్టే బావని మళ్లీ చూస్తాం అని మేం అంటున్నాం. అది లేకపోతే ఈ స్టార్లూ బిర్యానీలూ మాకెందుకు, హాయిగా ఓ ఏడాది తలుపేసుకు కూచుంటాం.

ఇప్పుడీ ఆచారాన్ని 1996కి పట్టించండి చూద్దాం. నవంబరు 6 రాత్రి తుఫాను. మాది ముమ్మిడివరం అవతల. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు చావు లేని వీధి వెతుక్కోవాల్సిన పరిస్థితి. కొబ్బరితోటలు నేలకి పడుకున్నాయి. సరిగ్గా ఏడు వారాలకి క్రిస్మస్ వచ్చింది. నేను చిన్నదాన్ని, అమ్మ చెప్పగా విన్నదే ఎక్కువ. మందిరం తాటాకు కప్పు ఎగిరిపోయింది, ఇంకా కరెంటు లేదు, పెట్రోమాక్స్ లైటు వెలుగులో కూడిక. ఒంటి మీద పంచిపెట్టిన చీరలు. సత్రంలో స్థలం లేదన్న మాట దగ్గరికి వచ్చేసరికి, ఇల్లు పోయి బడిలో తలదాచుకున్న వాళ్లు గట్టిగా ఏడ్చారట. చదివే ఆయన ఆపేసి, వాళ్ల ఏడుపయ్యాక మళ్లీ అక్కణ్ణుంచే చదివారట. ఆ ఏడు ఎవరూ ఎవరితోనూ మీకు పండగ లేదు అనలేదు. అనడానికి ఎవరింట్లో మాత్రం ఏడుపు లేదు గనక?

ఇప్పుడు చూడండి. డిసెంబరు 1 నుంచే సెమీ క్రిస్మస్‌లు, ఫ్లెక్సీలు, ముఖ్య అతిథులు, శాలువాలు. నేను గమనించిందేంటంటే కేకు ఎంత పెద్దదైతే వాక్యం అంత చిన్నది. చెప్పే ఆ కాస్త వాక్యం కూడా కొత్త ఇల్లు, వీసా, చెరువులో రొయ్యకి రేటు, వీటి చుట్టూనే. ఇవి వద్దని కాదు, అందరికీ కావాల్సినవే. కానీ అవన్నీ దొరికినవాళ్లదే పండగ అన్నట్టు తయారయ్యింది. అందుకే ఏమీ లేనింటికి పండగ లేదనడం మనకి సహజంగా నోటికి వస్తోంది.

మా మేనత్త సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆవిడది నర్సాపురం, వాళ్లు బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు. 1836లో ఇంగ్లండులో ఓడెక్కి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతుల నాటి విశ్వాసం వాళ్లది. క్రిస్మస్ అని ప్రత్యేకంగా చెయ్యరు, తేదీ బైబిల్లో లేదంటారు. నిజమే, లేదు. డిసెంబరు 25 అని రోమ్‌లో లెక్క దొరికేది క్రీ.శ. 336 నుంచే. "అత్తా, నువ్వు ఏ ఏడూ స్టార్ కట్టవు, మరి ఈ ఏడు మమ్మల్ని కట్టొద్దనడమేంటి?" అన్నాను. నవ్వేసింది. 25న మధ్యాహ్నం భోజనానికి మాత్రం వస్తానంది, ఎప్పుడూ వస్తుంది కూడా.

మొన్న ఆదివారం మా అక్క చిన్నోడు అడిగాడు, "పిన్నీ, మనం కట్టకూడదంట కదా?" అని. అటక ఎక్కి గోనెసంచిలో చుట్టి ఉన్నది దింపాను. బావ మస్కట్ వెళ్లకముందు చేసిన చట్రం. కొట్లో దొరికే ప్లాస్టిక్‌ది కాదు. అయిదేసి వెదురు బద్దలతో రెండు స్టార్లు కట్టి, కొసల దగ్గర రెండిటినీ కలిపి పురికొసతో బిగించి, మధ్య మూలల్లో జానెడు పుల్లలు నిలబెట్టాడు, పొట్ట ఉబ్బి లోపల బల్బుకి చోటు రావడానికి. కాగితం ఎప్పుడో చిరిగిపోయింది, ఒక బద్ద చీడ పట్టింది. పిల్లలిద్దరూ మైదా జిగురు ఉడకబెట్టి చేతులకీ జుట్టుకీ పూసుకుని మరీ కొత్త కాగితం అంటించారు. ఎరుపు చాలక ఒక కోణానికి పసుపు వచ్చింది. అక్క చూస్తూ కూచుంది, చివర్లో లేచి ముడి తప్పుగా ఉందని విప్పి మళ్లీ వేసింది. ఎవరేమనుకుంటారని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక కేరల్స్ (క్రిస్మస్ పాటలు) పాడే వాళ్లకి ఒక మాట. మన ఊళ్లలో యూత్ ఇంటింటికీ తిరుగుతూ, చావు జరిగిన ఇల్లు రాగానే డోలక్ ఆపి, మైకు కట్టేసి, తలలొంచుకుని దాటిపోతారు. మర్యాదే, తప్పు పట్టను. లోపల దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషికి ఎలా వినబడుద్దో ఆలోచించండి. పక్కింటి దాకా పాట వచ్చింది, తన గుమ్మం దగ్గర ఆగింది, అవతలింటి దగ్గర మళ్లీ మొదలయ్యింది. "భయపడకుడి" అన్న కబురు చీకట్లో మేలుకుని ఉన్నవాళ్లకి వచ్చిందే కదా మొట్టమొదట. ముందు ఆ ఇంటివాళ్లని అడగండి. వద్దంటే వద్దు, బలవంతం లేదు. కానీ అడగకుండా మీరే వద్దనుకుని దాటిపోకండి.

మా వీధికి 23 రాత్రి వస్తున్నారు. అక్క ఊ అంది, డోలక్ మానొద్దంది, పాట కూడా ఆవిడే చెప్పింది. యూత్ లీడర్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. టీ మాత్రం నేను పెడతాను, ఎంతమంది వస్తారో ముందే చెప్పండిరా అబ్బాయిలూ, పాలు చెప్పుకోవాలి.