28 రోజుల బ్యాలెన్సు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్యాలెన్సు గారి దివ్యసముఖమునకు,

నా ఖాతాలో, నా పేరు మీద ఉంటూ, నాది మాత్రం కాని తమకు, మావాడి బ్రిటన్ స్టూడెంట్ వీసా కోసం చెప్పిన గీత కిందికి దిగకుండా వరసగా 28 రోజులు కూర్చోవాల్సిన తమకు, నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరే క్షేమంగా లేరని ఈ పొద్దున బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. 436 రూపాయలు కట్. ఏటా మే నెలాఖర్లో పోయే ఆ బీమా సొమ్మే. ఎప్పుడో కౌంటర్ దగ్గర "ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం" అంటే పెట్టిన సంతకాల్లో అదొకటి. నేను పోతే మా ఆవిడకి రెండు లక్షలొస్తాయి. మెసేజ్ చూసిన క్షణంలో ఆ రెండు లక్షలూ వచ్చేసినంత పనైంది.

గడువు అంచుదాకా వచ్చిన తమరు ఆ 436తో గీత కిందికి దిగిపోయారు. ఎంత దిగారు? వందో, నూటపదో. ఒక్క పౌండు కూడా కాదు. వీసా కాగితాలు చూసే కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే, "అయ్యో అంకుల్, ఒక్కరోజు తగ్గినా తగ్గినట్టే. రిస్క్ ఎందుకు, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కెట్టుకుందాం" అంది ఆ పిల్ల. రోజుకి ఎంతమంది నాన్నలకి ఈ మాట చెబుతుందో, గొంతులో జీర కూడా లేదు.

పాతిక వేలు ఎక్కువే వేశాం కదా అంటారేమో. వేశాం. దాన్ని పౌండు తినేసింది. మావాడి లెక్క తమకి తెలియంది కాదు. ఖర్చులకి నెలకి 1,171 పౌండ్లు, తొమ్మిది నెలలకి 10,539. దాని మీద కట్టాల్సిన ఫీజు ఏడు వేలు. మొత్తం 17,539. పౌండు ఒక్క రూపాయి పెరిగితే తమరు 17,539 రూపాయలు చిక్కిపోతారు. పోనీ తమరు నా ఖాతాలో కూర్చున్న రోజుల రేటు చూస్తారా అంటే అదీ లేదు. అప్లికేషన్ పెట్టే రోజున ఒయాండా అనే కరెన్సీ రేట్ల వెబ్‌సైట్‌లో ఎంతుంటే అంత. జరిగిపోయిన 28 రోజుల్ని ఇంకా రాని రోజు రేటుతో తూస్తారన్నమాట. రూపాయీ నలభై పైసల చిల్లర పెరిగేసరికి పాతిక వేలూ కరిగి మూడొందల చిల్లర మిగిలింది. ఆ మీద ఈ బీమా. గోరుచుట్టు మీద రోకలిపోటు.

తమరు మా ఇంట అడుగుపెట్టిన నాటి నుంచీ కొత్తల్లుడికి జరిగినట్టే జరుగుతోంది కదండీ. తమరున్న ఖాతా నుంచి పాలవాడికి ఫోన్‌పే చేయలేదు. గ్యాసు బండకి మా ఆవిడ తన పోపుల డబ్బా తీసింది. కరెంటు బిల్లు మా తమ్ముడు కట్టాడు. తమరికి ఏ లోటూ రాకూడదు, మొహం చిన్నబోకూడదు, కదిలించకూడదు, ఒక పని చెప్పకూడదు. ఇన్ని చేస్తే, 436 రూపాయలకి అలిగి వెళ్ళిపోయారు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు లోకానికి తెలియవు, నాకు తెలుసు. తమలో ఎనిమిది లక్షలు మా బావమరిది మిర్చి. సత్తెనపల్లి దగ్గర నల్లరేగడిలో పండిన కాయ. గుంటూరు యార్డులో టిక్కీలు దించి, రేటు పెరుగుతుందేమోనని చూసి చూసి, పెరక్క అమ్మేసి, కాటా చీటీ జేబులో ఉండగానే నాకు పంపించాడు. నోటు రాయమనలేదు. "బావా, జూన్‌కి ఇస్తే చాలు. కౌలు కట్టాలి, పత్తి గింజలు తేవాలి" అన్నాడు. ఐదు లక్షలు మా ఆవిడ బంగారం. తాకట్టు కౌంటర్లో గొలుసు, గాజులు తూచి, రాళ్ళ బరువు తీసేసి రాసుకున్నారు. అమ్మమ్మ నాటి కాసులపేరు దగ్గరికొచ్చేసరికి మా ఆవిడ ఆ కుర్రాణ్ణి "మెల్లిగా బాబూ, కొక్కెం వదులు" అని బతిమాలింది. నాలుగు లక్షలు ఫైనాన్సు సొమ్ము. మిగతాది పాడుకున్న చీటీ, నా సంపాదనా.

ఆ ఫైనాన్సు నాలుగు లక్షలకి వడ్డీ నూటికి రెండు. నెలకి ఎనిమిది వేలు. అదే నాలుగు లక్షలు తమరి ఒళ్ళో కూర్చున్నందుకు సేవింగ్స్ వడ్డీ ఏడాదికి రెండున్నర శాతం. నెలకి ఎనిమిది వందల చిల్లర. అప్పు చేసి పప్పుకూడు తిన్నవాళ్ళ గురించి పెద్దలు చెప్పారు. అప్పు చేసి, దాన్ని ముట్టుకోకుండా చూస్తూ కూర్చునేవాళ్ళ గురించి వాళ్ళకీ తట్టలేదు.

ఇంతకీ తమరు రుజువు చేసేదేమిటండీ? మావాడు అక్కడ పస్తులుండడని. కానీ తమరు విమానం ఎక్కరు. వీసా వచ్చిన మర్నాడే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. మావాడు వెళ్ళేది ఒక సూట్‌కేసు పచ్చళ్ళతో, వారానికి ఇరవై గంటల పార్ట్‌టైమ్ దొరుకుతుందన్న ఆశతో. ఈ సంగతి నాకు తెలుసు, కన్సల్టెన్సీకి తెలుసు, స్టేట్‌మెంట్ ఇచ్చే బ్యాంకు ఆఫీసరుకి తెలుసు. రోజూ ఇలాంటి స్టేట్‌మెంట్లే చూసే ఆ వీసా దొరలకి తెలియదనుకోవాలా? ఒక గుమస్తా ఖాతాలో ఉన్నట్టుండి మూడు దిక్కుల నుంచి ఇరవై లక్షల పైచిలుకు వచ్చి, నెలరోజులు ఉలక్కుండా పలక్కుండా పడుకుంటే, అది జీతం దాచిన సొమ్మని ఎవడు నమ్ముతాడు?

మా పక్కవీధి అమ్మాయి జర్మనీ వెళ్ళింది. అక్కడా చూపించాలి, ఏడాదికి 11,904 యూరోలు. కాకపోతే ఆ డబ్బుని అక్కడి ఖాతాలో బిగించి, పిల్ల దిగాక నెలకి 992 చొప్పున వదులుతారు. పీడనే అనుకోండి, కానీ నిజాయితీ ఉన్న పీడ. చూపించిన డబ్బు ఆ పిల్లే తింటోంది. తమరి పద్ధతిలో చూపించిన డబ్బు పిల్లాడు తినడు, వడ్డీ మాత్రం తండ్రి కడతాడు.

బావమరిది ఎనిమిది లక్షలు వాడి ఖాతాలోనే ఉంచి, మేనమామ అని కాగితం ఇస్తే సరిపోదా అని అడిగాను. చెల్లదట. పిల్లాడివైనా కావాలి, కన్నవాళ్ళవైనా కావాలి. మేనల్లుడికి మేనమామ ఏమీ కాడని అంత దూరాన కూర్చుని తేల్చారు. సరే, కన్నతండ్రినే కదా నేను అంటే, దానికీ రుజువు కావాలి. బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు ముందు పొడి అక్షరం, పాస్‌బుక్‌లో పూర్తి ఇంటిపేరు. ఇద్దరూ ఒకడేనని నోటరీ దగ్గర ప్రమాణం చేశాను. పొలం చూపిస్తామంటే పొలం డబ్బు కాదు. షేర్లు డబ్బు కావు. ఎడ్యుకేషన్ లోన్ లెటర్ ఉంటే అసలు తమ అవసరమే లేదన్నారు, కానీ బ్యాంకు పూచీ అడిగింది, పొలం పాసుపుస్తకంలో ఇంకా మా నాన్న పేరే ఉంది.

స్టేట్‌మెంట్ కోసం పోయిన మధ్యాహ్నం సంగతి వేరే. ప్రతి పేజీకీ సీలు కావాలని కన్సల్టెన్సీ, కంప్యూటర్ ప్రింటుకి సీలు అక్కర్లేదని బ్యాంకు. చివరికి ఆఫీసరు గారు భోజనం నుంచి వచ్చి, సిరా ఆరిపోయిన ప్యాడ్ మీద రెండు చుక్కలు నీళ్ళు పోసి, సగం గుండ్రంగా ఒక ముద్ర కొట్టారు. ఇప్పుడా కాగితాలు దేనికీ పనికిరావు.

ఖర్చు లెక్క కూడా చూడండి. 2025 జనవరిలో నెలకి 1,136 పౌండ్లన్నారు, అదే ఏడాది నవంబరుకి 1,171 చేశారు. లండన్‌లోనైతే 1,529. అందుకే లండన్ బయట ఊరు చూసుకున్నాం, చుట్టాలతో మాత్రం లండన్ అనే చెబుతున్నాం. కోర్సు పన్నెండు నెలలు, చూపించేది తొమ్మిది నెలలకి. మిగిలిన మూడు నెలలూ పిల్లాడు ఏకాదశులు చేయాలని కాబోలు. చైనా వాడు ఈ కాగితాలు అడిగితే తప్ప పెట్టక్కర్లేదట. 2018లో వాళ్ళని ఆ జాబితాలో చేర్చి మనల్ని వదిలేశారు. ఇక ఆరోగ్యానికి ఏడాదికి 776 పౌండ్లు, అది చూపించేది కాదు, ముందే కట్టేది. కట్టే డబ్బు మాత్రం ఏ చెట్టుదో ఎవరూ అడగరు.

చిలుకూరు బాలాజీ కూడా ముందు పదకొండు ప్రదక్షిణలే అడుగుతాడండీ. నూటెనిమిది పని అయ్యాకే. పని కాకముందే ఇరవై ఎనిమిది అడిగేది తమరొక్కరే. పైగా ఆయన దగ్గర మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ మొదలెట్టమని ఎవరూ ఫోన్ చేయరు.

ఇంక ఈ తమరూ గిమరూ నావల్ల కాదు. విను.

ఇప్పుడు నేను సత్తెనపల్లి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? జూన్ వస్తోంది. నాలుగు చినుకులు పడితే గింజ వేయాలి. వాడు నన్ను డబ్బు అడగడు, నాకు తెలుసు. ఎరువుల కొట్టువాడి దగ్గర ఖాతా రాయించుకుని, పంట వాడికే తోలేటట్టు ఒప్పుకుని, నాకు మాట కూడా తెలియనివ్వడు. నువ్వు ఇంకో నెల కాలు మీద కాలేసుకుని కూర్చోవడానికి, ఏడాది పొడుగునా ఎండలో నిలబడేవాడు వడ్డీ కట్టాలి. నీ బతుక్కి ఒక చారెడు గింజలు కొన్నావా? ఒక పిల్లాడి ఫీజు కట్టావా? ఒక పూట ఎవరికైనా అన్నం పెట్టావా? అంకెవి. ఉత్త అంకెవి. నిన్ను చూసి ఓ దేశం మావాణ్ణి నమ్ముతుందట. నిన్ను ఇచ్చినవాణ్ణి నమ్మరట.

సరే, కూర్చో. ఇంకో 28 రోజులు కూర్చో. నిన్ను వెళ్ళగొట్టే ధైర్యం నాకు లేదని నీకు తెలుసు. వీసా వచ్చిందన్న మెయిల్ రానీ, మర్నాడు బ్యాంకు షట్టర్ ఎత్తేసరికి గుమ్మంలో ఉంటాను. ముందు మిర్చి, తర్వాత కాసులపేరు, ఆ తర్వాత ఫైనాన్సువాడు. ఖాతాలో ఎంత మిగిలిందని కూడా చూడను.

ఇట్లు,
తమరి కాపలాదారు, ఒక విద్యార్థి తండ్రి

తా.క.: లోన్‌కి పూచీ లేదన్న అదే బ్యాంకు నుంచి మధ్యాహ్నం ఫోన్. "సార్, మీ ఖాతాలో ఇంత పెద్ద మొత్తం ఊరికే పడి ఉంది, మంచి పథకంలో పెట్టుకోవచ్చుగా" అంటోంది ఒకమ్మాయి, ఎంతో గౌరవంగా. మా బావమరిది నంబరిచ్చాను.