లీజు లేకుండా క్రషర్ నడుపుతున్న కందనకాయ గారికి

మహారాజశ్రీ కందనకాయ గారికి,

కావలి పక్క పల్లె నుంచి రాస్తున్నాను. మీ క్షేమం అడగను, మా ఊళ్లో మీ క్షేమం శనివారం రాత్రి వరకే.

అసలు మీ వ్యాపారమేందో ముందు తేల్చండి. చీమకుర్తిలో గ్రానైట్ తియ్యాలంటే లీజు కావాలి, రాయల్టీ కట్టాలి, సైదాపురం వైపు తెల్లరాయి లారీ కదిలితే ఊరంతా రగడ. మీరేమో ఏ పర్మిటూ లేకుండా కోడి కడుపులో క్రషర్ పెట్టుకుని తిప్పుతున్నారు. కోడికి పళ్లు లేవు, అది ఏరుకుని మింగిన రాళ్లతోనే మీరు గింజలు నూరాలి, ఒప్పుకుంటాం. దానికి రాళ్లు చాలవా? మేకులు, స్టేప్లర్ పిన్నులు, వైరు ముక్కలు, పూసలు, థర్మాకోల్ (ఇదంటే కోళ్లకు ఏం పిచ్చో, టీవీ అట్టపెట్టె విప్పితే చాలు పరిగెత్తుకొస్తాయి), ఏదొచ్చినా సరే లోపలికి. గేటు దగ్గర చెకింగన్నదే లేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, మా పక్కింటి అత్త చెవి కమ్మకు పెట్టుకునే బంగారు శీల మీ దగ్గరుంది. అరుగు మీద పెట్టి తల దువ్వుకుంటుంటే పెట్ట వచ్చి టక్కున మింగేసింది. అంతే, వీధి వీధంతా డాక్టర్లే. ఒకాయన కాళ్లు పట్టుకుని తలకిందులుగా దులపమన్నాడు, ఒకావిడ ఆముదం పొయ్యమంది, ఒక బాబాయ్ ఏమీ మాట్లాడకుండా ఇంట్లోకెళ్లి కత్తి తెచ్చాడు. తలకిందులు చేస్తే మెడ కింద మేత నిలవుండే తిత్తిలోని నీళ్లూ మేతా గాలిగొట్టంలోకి పోయి కోడి అక్కడికక్కడే పోవచ్చు, ఆముదం బలవంతంగా గొంతులో పోసినా అదే ప్రమాదం. ఇక నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగేసేవాళ్లున్నారే, వాళ్లకు దండం, అవతలి కొసకు సూదుందో గాలం ఉందో చూసిందెవరు?

గంప కింద వేరుగా పెట్టి, నీళ్లిచ్చి, గమ్మున ఉండాలి. రాత్రి కోడి ఎటూ తినదు, పొద్దున్నే మేత వెయ్యకముందు మెడ కింద తిత్తి తడిమితే ఖాళీగా ఉండాలి. ఇంకా గట్టిగా ఉండలాగా తగిలిందంటే దారి మూసుకుపోయినట్టే, పశువుల డాక్టర్ దగ్గరికి నడవాలి, లేదంటే పశువుల హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి అడగాలి. వస్తువు తిత్తిలో ఉండగానే పట్టుకుంటే చిన్న కోత పెట్టి తీసి కుట్టెయ్యొచ్చు. మీ గదిలోకి దిగాక మాత్రం తియ్యడం అంత తేలిక కాదు, మీ సంగతి మీకే తెలుసు, చిన్నవీ నున్నవీ ఎప్పుడో వదులుతారు, లేదంటే మీ రాళ్లలో కలిపేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు.

నాకు మంట ఎక్కడంటే, బంగారం వల్ల ఆ కోడికి ఊడేదేం లేదు. మీ పైగదిలో ఊరే ఆమ్లం దాన్ని కరిగించలేదు, రాళ్ల మధ్య తిరిగి కాస్త అరిగితే అరుగుతుంది, ఆ తరుగు నగల కొట్లో కూడా పోయేదే. దానికి మరణశిక్ష! అదే ఇనుప మేకు మింగితే మీ కండ పిసుకుడుకి దాని మొన మీ గోడనే చీల్చుకుని బయటికొస్తుంది. జింకు పూత పూసిన మరలు ఆమ్లంలో కరిగి ఒంట్లోకి విషం ఎక్కిస్తాయి. సముద్రం ఒడ్డు ఊళ్లలో వలలకు కట్టే సీసపు గుళ్లయితే మరీ దారుణం, రాయనుకుని మీరు శ్రద్ధగా నూరి నూరి రక్తంలోకి పంపిస్తారు, కోడి ముడుచుకుంటుంది, రెట్ట పచ్చగా పడుతుంది, ఆ సీసం గుడ్డులోకీ వస్తుంది, ఆ గుడ్డే మా పిల్లోడి కంచంలోకి. అప్పుడు ఏ బాబాయీ కత్తి తీసుకుని రాడు, ఏ డాక్టరుకీ ఫోన్ పోదు, 'ఏదో తెగులబ్బా' అంటారు, అంతే. వల బాగుచేసిన చోట రాలిన గుళ్లు ఏరి డబ్బాలో వెయ్యడానికి ఒంగేవాడు ఒక్కడూ లేడు.

కాబట్టి అయ్యా, శీల వదిలేస్తే సంతోషం. బాబాయ్ కత్తి ఇంకా గూట్లో పెట్టలేదు. అత్త మాత్రం గంప పక్కనే పీట వేసుకుని పడిన ప్రతి రెట్టనూ నీళ్లలో కడిగి టీ వడగట్టే జాలీలో పోసి చూస్తోంది. నిన్న కూడా టీకి పిలిచింది, ఇప్పుడే తాగానని చెప్పా.

ఇట్లు,
పక్కింటివాడు