రోజూ తలనొప్పి, రోజూ మాత్ర: ఒక సందేశానికి ఖండన

"రోజూ తలనొప్పి వచ్చేవాళ్లు రోజూ మాత్ర వేసుకోవడంలో తప్పేమీ లేదు" అని మొదలయ్యే ఒక సందేశం చాలాకాలంగా ఫోన్ల మీద తిరుగుతోంది. గత నెలలో నాకే ముగ్గురు పంపారు. ముగ్గురూ ఏళ్ల తరబడి తలనొప్పితో వేగుతున్నవారే కాబట్టి, ఆ మాటలు వారికి ఎంత ఊరట కలిగించి ఉంటాయో ఊహించగలను. సందేశంలోని వాదనలు ఇవి: వైద్యుడి చీటీ లేకుండా అమ్మే మాత్రలు కనుక వాటివల్ల హాని ఉండదు, వేసుకోగానే నొప్పి తగ్గుతోంది కనుక నొప్పికి కారణం మాత్ర కాదు, మానేస్తే నొప్పి ఎక్కువవుతోంది కనుక శరీరానికి ఆ మాత్ర అవసరమే, ఒకటి పనిచేయకపోతే ఇంకాస్త గట్టిది వేసుకోవాలి, మాత్రలే తలనొప్పి తెస్తాయన్నది ఖరీదైన మందులు అంటగట్టడానికి ఈమధ్య అల్లిన కథ, నివారణ పేరుతో ఇచ్చే మందులు నిజానికి మానసిక రోగులకు వాడేవి. చివరగా, ఏ తలనొప్పికైనా ఇదే సూత్రమట.

ఇందులో ఒక్క మాటతో నాకు పేచీ లేదు. నొప్పిని పంటి బిగువున భరించడం గొప్పతనం కాదని ఆ సందేశం అంటోంది, అది నిజం. మైగ్రేన్ మొదలైన కొద్దిసేపటికే తగిన మోతాదులో మందు వేసుకుంటే అది బాగా పనిచేస్తుందని వైద్యులే చెబుతారు. నెలలో మూడు నాలుగు రోజులు తలనొప్పి వచ్చి, ఆ రోజుల్లో మాత్ర వేసుకునేవారిని ఈ వ్యాసం ఉద్దేశించినది కాదు. నెలలో సగం రోజులకు పైగా తలనొప్పితో, దాదాపు అన్ని రోజులూ మాత్రతో గడిపేవారికి ఆ సందేశం చేసే కీడు గురించే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

హాని ఉండదన్న మాటతో మొదలుపెడదాం. చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి ఉందంటే, తక్కువ మోతాదులో, కొద్ది రోజుల పాటు, పొట్లం మీద రాసిన ప్రకారం వాడేవారికి ప్రమాదం తక్కువని మాత్రమే అర్థం. సంవత్సరాల తరబడి రోజూ వాడవచ్చని ఎవరూ ఎక్కడా హామీ ఇవ్వలేదు. పారాసెటమాల్ పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయం దెబ్బతినవచ్చు. జలుబు మాత్రల్లోనూ ఒళ్లునొప్పుల మాత్రల్లోనూ అదే మందు వేరే పేర్ల మాటున ఉంటుంది కనుక, తెలియకుండానే ఆ హద్దు దాటేవారు ఉంటారు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి విడవకుండా వాడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, కిడ్నీల దెబ్బ వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఈ సందర్భంలో ఫెనాసెటిన్ అనే పాత నొప్పి మందు చరిత్రను గుర్తు చేయకుండా ఉండలేను. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా సమయంలో స్వీడన్‌లోని హుస్క్‌వార్నా అనే పారిశ్రామిక పట్టణంలో యోర్టన్ అనే వైద్యుడు ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపిన ఒక పొడిని జ్వరానికి ఇచ్చాడు. జ్వరాలు తగ్గిపోయాయి గాని పొడి మాత్రం ఫ్యాక్టరీ కార్మికులను వదలలేదు. తలనొప్పికని కొందరు, పనిలో హుషారుకని కొందరు దాన్ని రోజూ వేసుకోవడం అలవాటు చేసుకున్నారు. దశాబ్దాల తరువాత అదే పట్టణంలో కిడ్నీలు పాడై చనిపోయినవారి సంఖ్య వైద్యులను నివ్వెరపరిచింది. నొప్పి మందుల దీర్ఘకాల వాడకానికీ ఈ కిడ్నీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1953లో స్విట్జర్లాండ్ వైద్యులు ష్పూలర్, జోలింగర్ వెల్లడించారు. అమెరికా ఫెనాసెటిన్‌ను మార్కెట్ నుంచి తొలగించే సరికి 1983 వచ్చింది. అన్నాళ్లూ దాన్ని హాని లేని మందుగానే జనం కొనుక్కున్నారు.

ఇక రెండో వాదన. సందేశమంతా దీని మీదే నిలబడి ఉంది, చదవగానే ఔననిపించేదీ ఇదే. మాత్ర వేసుకున్న గంటకు నొప్పి తగ్గిన మాట నిజమే, అయితే ఆ గంట గురించి ఎవరికీ అనుమానం లేదు. చూడవలసింది రేపటి తలనొప్పిని, వచ్చే నెలలో తలనొప్పి వచ్చే రోజుల సంఖ్యను. కొత్త అప్పు తెచ్చి పాత అప్పు తీర్చేవాడికి కూడా ఆ పూటకు ఊరటగానే ఉంటుంది. మందు శరీరంలోంచి దిగిపోయే వేళకు నొప్పి మళ్లీ తలెత్తుతుంది, దానికి మళ్లీ మాత్ర పడుతుంది. ఇలా నెలల పాటు సాగితే నొప్పిని మోసుకుపోయే నాడీ వ్యవస్థ అతిసున్నితంగా మారి, ఒకప్పుడు లెక్కలోకి రాని చిన్న కదలికలకు కూడా స్పందించడం మొదలుపెడుతుంది. రాత్రంతా మాత్ర లేకుండా గడుస్తుంది కనుక, ఈ రకం తలనొప్పి చాలామందిలో తెల్లవారి లేచేసరికే సిద్ధంగా ఉంటుంది.

అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణ దీనికి స్పష్టమైన కొలతలు ఇచ్చింది. అప్పటికే మైగ్రేన్ వంటి తలనొప్పి ఉన్న మనిషికి నెలలో 15 లేదా అంతకు మించిన రోజులు తలనొప్పి వస్తూ, 3 నెలలకు పైగా పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వంటి సాధారణ మాత్రలు నెలకు 15 రోజులు గాని, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, నల్లమందు జాతికి చెందిన ఓపియాయిడ్లు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకు 10 రోజులు గాని వాడుతుంటే, దాన్ని మందుల మితిమీరిన వాడకం వల్ల వచ్చిన తలనొప్పిగా పరిగణిస్తారు. ఇక్కడ లెక్కించేది మాత్రలను కాదు, రోజులను. ఒకే రోజు మూడు మాత్రలు వేసుకుంటే ఈ లెక్కలో అది ఒక్క రోజే; రోజుకు ఒకటి చొప్పున ఇరవై రోజులు వేసుకుంటే ఇరవై రోజులు. "నేను రోజుకు ఒక్కటే వేసుకుంటాను" అని ధీమాగా చెప్పేవారు ఈ తేడాను గమనించరు.

గమనించనివారిలో నేనూ ఒకదాన్ని. నెలకు ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటారని నరాల వైద్యురాలు అడిగితే "అప్పుడప్పుడూ" అన్నాను. ఆవిడ నాతో వాదించలేదు. మాత్ర వేసుకున్న ప్రతి రోజూ గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, వచ్చే నెల ఆ కాగితం పట్టుకురమ్మన్నారు. నెలాఖరుకు 22 సున్నాలు తేలాయి. వాటిలో ఆరు రోజులు అసలు నొప్పే లేదు, బయటికి వెళ్లాక వస్తుందేమోనన్న భయంతో ముందుగానే వేసుకున్నవి.

కారణం మాత్ర కాదు, రోగి తలనొప్పే ముదిరి మాత్రలు పెరిగాయేమో అని ఎవరైనా అడగవచ్చు. సందేశం రాసినవారు అడగలేదు గాని, అడగవలసిన ప్రశ్న అదే. కీళ్లనొప్పులకు రోజూ నొప్పి మాత్రలు వాడే రోగులను పరిశీలించినప్పుడు దీనికి కొంత జవాబు దొరికింది. వారిలో తలనొప్పి చరిత్ర లేనివారికి ఈ రోజువారీ తలనొప్పి సాధారణంగా పట్టుకోలేదు. మైగ్రేన్ ఉన్నవారికి మాత్రం, మాత్ర వేసుకున్నది కీళ్ల కోసమే అయినా, పట్టుకుంది. మాత్ర అందరి తలనూ ఒకేలా తాకదు. అంతకు ముందే తలనొప్పి ఉన్నవారినే అది దెబ్బతీస్తుంది, నొప్పి మాత్రల కోసం మందుల దుకాణానికి ఎక్కువగా వెళ్లేదీ వాళ్లే.

మానేస్తే నొప్పి పెరుగుతుందన్నది మూడో వాదన. పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. ఆపిన తరువాత 2 నుంచి 10 రోజుల పాటు నొప్పి ముదరవచ్చు; వికారం, వాంతులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు దానికి తోడవుతాయి. నాకు నాలుగో రాత్రి బాగా గుర్తుంది. లైటు ఆర్పి, తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాను. పడుకుంటే కడుపులో తిప్పుతోంది, లేచి నిలబడితే కణతలు పగిలేలా ఉన్నాయి. చెయ్యి తనంతట తానే దిండు కిందికి, ఎప్పుడూ మాత్రల స్ట్రిప్ ఉండే చోటికి పోయింది. అక్కడ ఏమీ లేదు, ముందే తీయించేశాను. తొమ్మిదో రోజు ఉదయం పళ్లు తోముకుంటూండగా తట్టింది, నొప్పి లేకుండానే లేచానని. శరీరానికి ఆ మాత్ర నిజంగా అవసరమై ఉంటే రోజులు గడిచేకొద్దీ పరిస్థితి దిగజారాలి కదా! నొప్పి ఒక ఎత్తుకు వెళ్లి తగ్గిపోవడం అలవాటు వదిలేటప్పటి లక్షణం. రోజూ కాఫీ తాగేవారికి ఒక పూట తప్పితే వచ్చే తలనొప్పీ ఇలాంటిదే. కెఫీన్ మానిన 24 గంటల్లో మొదలై వారం లోపు పోతుంది.

అయితే అందరూ ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపేయకూడదు. సాధారణ మాత్రలనూ ట్రిప్టాన్లనూ చాలామంది ఒకేసారి ఆపగలరు గాని, ఓపియాయిడ్లు, మత్తు కలిగించే బార్బిట్యురేట్లు, నిద్రమాత్రల జాతికి చెందిన బెంజోడయజెపీన్లు ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వంటి ప్రమాదాలు రావచ్చు.

గట్టి మాత్రకు మారమన్న సలహాకు పెద్ద జవాబు అక్కర్లేదు. పైన చెప్పిన కొలతల్లో సాధారణ మాత్రలకు హద్దు 15 రోజులైతే, ఆ గట్టి మాత్రలకూ కలగలుపు మాత్రలకూ 10 రోజులే. అంటే ఆ సలహా పాటించేవారు ఉచ్చులోకి ఇంకా త్వరగా వెళతారు.

ఇది ఈమధ్య అల్లిన కథ అన్న ఆరోపణకు తేదీలే జవాబు చెబుతాయి. ఎర్గోటమిన్ అతిగా వాడిన రోగుల్లో తలనొప్పి పెరగడాన్నీ, ఆపాక తగ్గడాన్నీ అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రికి చెందిన పీటర్స్, హోర్టన్ 1951లోనే రాశారు. సాధారణ నొప్పి మాత్రల విషయంలో అదే సంగతిని అమెరికా తలనొప్పి వైద్యుడు లీ కుడ్రో 1982లో ప్రచురించారు. మాత్రలు తగ్గించమన్న సలహా వల్ల ఏ కంపెనీకి లాభమో ఆ సందేశం చెప్పదు. నార్వేలో కుటుంబ వైద్యులు ఇలాంటి రోగులను గుర్తించి, వారి వాడకం హద్దు దాటిందని కాసేపు కూర్చోబెట్టి వివరించడమే చికిత్సగా పరీక్షించారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ మాటలు విన్నవారిలో మాత్రలూ తలనొప్పి రోజులూ రెండూ తగ్గాయి.

నివారణ మందుల మీద వేసిన నింద అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది, ఎందుకంటే అది జనం సిగ్గు మీద ఆడుతుంది. అమిట్రిప్టిలిన్ కుంగుబాటుకు వాడే మందే, కాని తలనొప్పి నివారణకు అందులో చాలా తక్కువ మోతాదు, రాత్రిపూట 10 నుంచి 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ప్రొప్రనోలాల్ రక్తపోటు మందు, టోపిరమేట్ మూర్ఛ మందు; వాటిని వాడినంత మాత్రాన ఆ జబ్బులు మనకు ఉన్నట్టు కాదు. కేవలం మైగ్రేన్ నివారణ కోసమే తయారైన ఇంజెక్షన్లు కూడా 2018 నుంచి ఉన్నాయి. వీటికీ దుష్ప్రభావాలు లేకపోలేదు: ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనోలాల్ పనికిరాదు, గర్భవతులు టోపిరమేట్ వాడకూడదు. అసలు చిక్కేమిటంటే నోటి ద్వారా వేసుకునే ఈ మందుల గుణం తెలియడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది. గంటలో ఫలితం చూపే మాత్రకు అలవాటుపడినవారు రెండో వారానికే "ఇది పనిచేయడం లేదు" అని మానేస్తారు, సందేశంలోని నింద అలాంటివారికి ఒక సాకు అందిస్తుంది.

మిగిలింది, ఏ తలనొప్పికైనా ఇదే సూత్రమన్న చివరి వాక్యం. నిమిషం లోపే భరించలేనంత తీవ్రతకు చేరిన తలనొప్పి, జ్వరంతోనూ మెడ బిగుసుకుపోవడంతోనూ కూడిన తలనొప్పి, కాలూ చెయ్యీ చచ్చుబడడం, మాట తడబడడం, చూపు మందగించడం వంటివాటితో వచ్చే తలనొప్పి, తలకు దెబ్బ తగిలాక వచ్చినది, యాభై ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైనది, దగ్గినా వంగినా ఎక్కువయ్యేది, ఇవేవీ మాత్ర వేసుకుని ఇంట్లో ఎదురుచూడవలసినవి కావు. మొదట చెప్పిన రెండింటికీ, పక్షవాత లక్షణాలతో వచ్చేదానికీ వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.