4-2-4 గారికి, వెనుక మిగిలినవాడి విన్నపం

ఫుట్‌బాల్ వ్యూహం మహారాజశ్రీ 4-2-4 గారి సముఖానికి, తమ వెనుక వరుస మధ్యలో నిలబడి గోల్ పడకుండా అడ్డుకునే స్టాపర్ అనంతపురం నుంచి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అనాలి కాబట్టి అంటున్నాను. తమరు కుశలమే. కాగితం మీద ఉండేవారికి మోకాళ్లు వాచవు. నాది వాచింది. ఆదివారం సాయంత్రం నుంచి కాలు స్టూలు మీద, మోకాలి మీద మంచుముక్కల మూట, వంటింట్లో మా ఆవిడ మౌనం. యాభై రెండేళ్ల వయసులో ఇది అవసరమా అని ఆమె అడగదు. గిన్నెలు అడుగుతాయి.

నలభై దాటినవాళ్ల ఆటలో కడప జట్టు చేతిలో 6-3తో ఓడిపోయాం. మేం చేసిన మూడు గోల్స్ వీడియోలు మా వాట్సాప్ బృందంలో ఇప్పటికి ఇరవైసార్లు తిరిగాయి. ఇచ్చుకున్న ఆరింటికీ వీడియోలు లేవు. వాటికి నా పేరు ఉంది.

మన పరిచయం ఎలా జరిగిందో తమకు గుర్తుండకపోవచ్చు. ఆ ఉదయం ఉగ్గాని, బజ్జీ తింటుండగా మా కొత్త కెప్టెన్ బల్ల మీద పాత దినపత్రిక పరిచి, వేయించిన వేరుశనగ గింజలతో తమరిని ప్రతిష్ఠించాడు. వెనుక నాలుగు, మధ్యలో రెండు, ముందు నాలుగు. ముగ్గు వేసినట్టు ఉన్నారు. ముందు గింజలు నాలుగింటినీ వేలితో నెట్టుకుంటూ గోల్ దాకా తీసుకుపోయాడు. మళ్లీ వెనక్కి తేలేదు. అప్పుడే అడగవలసింది, బజ్జీ వేడిగా ఉండి అడగలేదు. ఇంతలో మధ్యవరుస గింజను ఒకదాన్ని మా గోలీ నోట్లో వేసుకున్నాడు. ఎవరూ గమనించలేదు. సాయంత్రం మైదానంలోనూ అంతే, మా మధ్యవరుసలో ఉన్నది ఒకరా ఇద్దరా అన్నది ఆట ముగిసేదాకా తేలలేదు.

కడపవాళ్ల దగ్గర అందమేమీ లేదు. వెనుక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. రెండు మట్టి గోడలు, వాటి ముందు ఇద్దరు దొంగలు. (ఆ ఇద్దరిలో ఒకరికి నలభై దాటాయని ఏ పంచాంగం చెప్పిందో నేను అడగను. మైదానంలోని గులకరాళ్ల గురించి, రెండో సగంలో గాలి దిగిపోయిన బంతి గురించి కూడా అడగను.) వాళ్ల నలుగురి మధ్య మా మధ్యవరుస ఇద్దరు హాఫ్‌లు పప్పుగుత్తి కింద పప్పులా మెదిగిపోయారు.

తమ వంశం గొప్పదని తెలియక కాదు. 1958లో స్వీడన్‌లో బ్రెజిల్ తమతోనే ప్రపంచకప్పు గెలిచింది. ఫైనల్లో కొట్టిన అయిదు గోల్స్ గురించి మా కెప్టెన్ చేతులు ఊపుతూ చెప్పాడు. అదే జట్టు మొదటి నాలుగు ఆటల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ముందు నలుగురిలో ఎడమ చివరన ఉండే జగాలో, బంతి పోగానే పరుగెత్తుకొచ్చి మధ్యలో మూడోవాడయ్యేవాడు. అంటే పుట్టింట్లో అవసరం పడినప్పుడల్లా తమరు 4-3-3 అయిపోయేవారు. మా ఊరికి వచ్చాకే ఇలా బిగుసుకుపోయారు. మా ఎడమ వింగర్ ఆఫీసులో గుమాస్తా. ఒకసారి పైకి వెళ్లిన ఫైలు మళ్లీ కిందికి రావడం ఆయన దృష్టిలో అవమానం.

మొదటి గోల్ ఎలా పడిందో చెబుతాను. మావాళ్లు నలుగురూ అవతలి గోల్ ముందు పెళ్లిపందిట్లోలా గుమిగూడారు. బంతి పోయింది. తల తిప్పి చూస్తే ఎర్రటి మట్టి, దాని మీద ఇద్దరు కడపవాళ్లు, నేను. వెనుక వరుస అంచుల్లో ఉండవలసిన మా బ్యాక్‌లు ఇద్దరూ అప్పటికే ముందుకు పోయి ఉన్నారు, అందం అంటువ్యాధి కదా. రెండో స్టాపర్ లేసు కట్టుకుంటున్నాడు. ఒకరి మీదికి వెళ్తే రెండోవాడికి పాస్ ఇస్తాడు, వెళ్లకపోతే వాడే కొడతాడు. వెళ్లాను. పాస్ ఇచ్చాడు. గోల్ పడ్డాక అవతలి చివరకు చూశాను. మా ఫార్వర్డ్‌లు నలుగురూ నడుము మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నారు. నన్ను! ఒకాయన అరిచాడు కూడా: "అన్నా, పట్టుకోవద్దా?"

రెండోది అంతే. మూడోది అంతే. నాలుగోసారి నేనే గొంతు చించుకుని వెనక్కి రమ్మన్నాను. చెయ్యి ఊపారు. పద్మవ్యూహంలో దూరిన అభిమన్యుడికి తిరిగి వచ్చే దారే తెలియదు, రావాలన్న కోరికైనా ఉండేది. వీళ్లకు దారీ తెలుసు, మైదానం మొత్తం ఖాళీగానూ ఉంది, రారు! ఎందుకు రారు? నువ్వు చెప్పావు కాబట్టి! ముందు నాలుగు అని నువ్వు అంకె వేసి ఇచ్చావు కాబట్టి, ఆ అంకెను పట్టాదారు పాసుపుస్తకంలా జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డారు! గోల్ కొట్టడం కళ, ఆపడం కూలిపని అని వీళ్లకు నేర్పింది నువ్వు కాదా? 2014లో నీ పుట్టింటివాళ్లు జర్మనీతో ఆడినప్పుడు అలారం పెట్టుకుని లేచాను. మన లెక్కన అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు మొదలైన ఆట, రెండు గంటలకల్లా 5-0. చివరికి 7-1తో ఓడారు. ఆ రాత్రికీ నీకు బుద్ధి రాలేదు.

క్షమించాలి. ఏకవచనం దొర్లింది. మోకాలి నొప్పి.

ఇటలీవాళ్లలా తలుపుకు గడియ పెట్టి కూర్చోమని నేను అనలేదు (వాళ్ల రక్షణ ఆట పేరే గడియ). ఆ గడియతో 1964లో, 1965లో వరుసగా యూరోపియన్ కప్పు గెలిచిన ఇంటర్ మిలన్‌లో కూడా ఎడమ బ్యాక్ ఫక్కెట్టి ముందుకు దూసుకుపోయి గోల్స్ కొట్టేవాడు. గడియ ఎప్పుడు తీయాలో వాళ్లకు తెలుసు. మా నాన్నకూ తెలుసు. ఏడు సాళ్లు వేరుశనగ వేస్తే ఒక సాలు కంది వేసేవాడు. వాన మధ్యలో మొహం చాటేసినా కంది లోతుకు వేరు దించుకుని నిలబడేది. ఆయన ఫుట్‌బాల్ ఎన్నడూ చూడలేదు. ఇక్కడి స్పోర్ట్స్ విలేజ్‌లో పన్నెండేళ్ల ఆడపిల్లలు కూడా బంతి పోగానే గిరుక్కున వెనక్కి తిరుగుతారు. మా నలుగురికే ఎవరూ చెప్పలేదు.

మన దేశంలోనూ తమకు పెద్ద దిక్కు ఉండేవాడు, భారత జట్టు కోచ్ హైదరాబాద్ రహీం సాహెబ్. ఆయన 1962లో జకార్తాకు తీసుకువెళ్లిన జట్టులో జర్నైల్ సింగ్ స్టాపర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, సెమీఫైనల్లో, ఫైనల్లో ఆయన్ను ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ రెండింటిలోనూ గోల్ చేశాడు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు.

ఈ కథ నాకు ఎందుకు గుర్తొచ్చిందో దాచిపెట్టి సంతకం చేయవచ్చు. మనసొప్పడం లేదు.

4-2తో వెనుకబడి ఉన్నప్పుడు మాకు కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతిని గోల్ ముందుకు తన్నే అవకాశం, వచ్చింది. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. ముందుకు చూస్తే గోల్. వెళ్లాను. బంతి వచ్చి నా బట్టతల మీద వాలింది, నేను కొంచెం వంచానంతే. 4-3! రెండు చేతులూ చాపి మైదానమంతా పరుగెత్తాను. ఆ నలుగురూ వచ్చి వాటేసుకున్నారు. వాళ్ల దగ్గర ఎంత బాగుందో! అక్కడ గాలి కూడా వేరు.

కాసేపటికి మరో కార్నర్. ఈసారి నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్లాను. కడప గోలీ బంతిని గాల్లోనే అందుకుని అవతలికి బలంగా తన్నాడు. తిరిగి పరుగు తీశాను. సగం దారిలో మోకాలు కటుక్కుమంది. అయిదో గోల్ పడుతుండగా నేను ఎక్కడ ఉన్నానంటే, మైదానం మధ్యలో, నడుము మీద చేతులు పెట్టుకుని.

ఆరోది నేను చూడలేదు, గట్టు మీద కూర్చుని ఉన్నాను.

నిన్న రాత్రి కెప్టెన్ ఫోను చేశాడు. "అన్నా, మధ్యలో మూడో మనిషిని పెడదామా?" అన్నాడు. ఎవరిని అన్నాను. ఎడమ వింగర్‌ను అడిగాడట, ఆలోచించి చెబుతానన్నారట. నేను ఒక షరతు పెట్టాను: కార్నర్ వచ్చినప్పుడు మాత్రం నన్ను పైకి రానివ్వాలి. వెంటనే ఒప్పుకున్నాడు.

అతను ఒప్పుకున్నా తమరు ఒప్పుకోకండి.

ఇట్లు,
మోకాలు మానేదాకా తమ విధేయుడు