ఛాయిస్ ఫారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఛాయిస్ ఫారం గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడంతా క్షేమం. సైన్యానికి ఆఫీసర్లని తయారుచేసే అకాడమీల్లో, అంటే డెహ్రాడూన్ ఐఎంఏలోనూ, చెన్నై ఓటీఏలోనూ శిక్షణ పూర్తి కావస్తోందనగా తమరు కేడెట్ చేతికొస్తారు. ఏ ఆర్మ్ (పోరాడే శాఖ) కావాలో, ఏ సర్వీస్ (సరఫరా, మరమ్మతుల్లాంటివి చూసే శాఖ) కావాలో వరసగా రాయమంటారు. ఇంత మర్యాదగా అడిగేవాళ్ళు అకాడమీలో ఇంకెవరూ ఉండరు కాబట్టి కుర్రాడు పొంగిపోతాడు. ఆ తర్వాత మెరిట్, ఖాళీలు, మెడికల్ కేటగిరీ, డిగ్రీ, తండ్రి పనిచేసిన రెజిమెంట్ మీద కొడుక్కుండే హక్కు, ఇవన్నీ కూర్చుని మాట్లాడుకుంటాయి. కుర్రాడు రాసింది కూడా ఓ మూల కూర్చుని వింటుంది.

అయినా అది కాదు మా ఫిర్యాదు. ఉద్యోగం ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్పకుండా కోరిక అడుగుతారే, అదీ. పాపం వాడికి తెలిసిందల్లా తన ఇన్‌స్ట్రక్టర్ కెప్టెన్ పెట్టుకున్న బెరే టోపీ రంగు.

నల్ల బెరే చూసి ట్యాంకుల శాఖ ఆర్మర్డ్ కోర్ రాస్తాడు. ఇసుక దిబ్బల మీద దూసుకుపోయే టీ-90 ట్యాంకు కళ్ళ ముందు ఆడుతుంది. అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు) యంగ్ ఆఫీసర్స్ కోర్సు ముగించి రెజిమెంట్‌కి చేరాక చేతికిచ్చేది ఒక ట్రూప్: మూడు ట్యాంకులు, ట్యాంకుకు ముగ్గురు మనుషులు. ఆ మూడూ ఒకేసారి కదిలిన రోజు పండగ. మిగతా రోజుల్లో ట్రాక్ (చక్రాల మీది ఇనప పట్టా) బిగువు చూసుకోవాలి, అరిగిన పిన్నుల్ని సుత్తితో కొట్టించి మార్పించాలి, ఎయిర్ ఫిల్టర్‌లో ఇసుక దులిపించాలి. ఫిల్టర్ని అశ్రద్ధ చేస్తే ఇంజన్ దుమ్ము మింగి లోపల అరిగిపోతుంది. అప్పుడిక యుద్ధం శత్రువుతో కాదు, వర్క్‌షాపు కాగితాలతో.

నడక తప్పుతుందని ఫిరంగుల శాఖ ఆర్టిలరీ రాసే తెలివైనవాళ్ళూ ఉన్నారు. ఫిరంగి ఎలాగూ కిలోమీటర్ల వెనక ఉంటుంది కదా అని వాళ్ళ లెక్క. ఫిరంగి వెనకే ఉంటుంది, నిజమే. కుర్ర ఆఫీసరు మాత్రం ఓపీ (అబ్జర్వేషన్ పోస్టు) ఆఫీసర్‌గా ఇన్‌ఫాంట్రీ, అంటే కాల్బలం, కంపెనీతో పాటు కొండెక్కుతాడు, పక్కన రేడియో సెట్టు మోసేవాడితో. పైనుంచి లక్ష్యం ఎక్కడుందో చెప్పేది వాడే. గాలి, పేలుడు మందు వేడి, ఫిరంగి గొట్టం అరుగుదల అన్నీ వెనక బ్యాటరీలో, అంటే ఫిరంగుల దగ్గరుండే దళంలో, లెక్కగడతారు. గ్రిడ్ (మ్యాపు మీద లక్ష్యం ఉన్న చోటి అంకెలు) తప్పు చెప్పాడా, అంత కచ్చితమైన లెక్కా గుండుని తప్పు చోటికే గురి తప్పకుండా చేరుస్తుంది. దిశలో ఒక్క మిల్ (కోణాన్ని కొలిచే చిన్న కొలత) తేడా వస్తే 20 కిలోమీటర్ల దూరాన సుమారు 20 మీటర్లు పక్కకి పడుతుంది. ఆ పక్కనున్నది మనవాళ్ళే కావచ్చు. ఈ సంగతి తమరి గడిలో రాయడానికి చోటు చాల్లేదా?

ఫోన్లూ రేడియోలూ చూసే సిగ్నల్స్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లైను కలిసినంతకాలం ఆ శాఖ ఉన్నట్టే బ్రిగేడ్‌లో ఎవరికీ గుర్తుండదు. తెగిందంటే అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది, తిడదామంటే ఫోనుండదు. సరుకులు చేరవేసే ఏఎస్‌సీని (ఆర్మీ సర్వీస్ కోర్) కిరాణా కొట్టని వెక్కిరించేవాళ్ళని ఒక్క శీతాకాలం లద్దాఖ్‌లో ఉంచాలి. జోజిలా కనుమ మంచుతో మూసుకుపోకముందే నెలలకి సరిపడా రేషన్, కిరోసిన్ పైకి చేర్చకపోతే ఎవరి వీరత్వమూ పొయ్యి వెలిగించదు.

అసలు తమాషా రాష్ట్రీయ రైఫిల్స్. ఉగ్రవాదుల్ని ఎదుర్కోవడానికి 1990లో మొదలైన ఈ దళానికి మనుషులు అన్ని శాఖల నుంచీ వస్తారు. తమరి దగ్గర ఎంతో ఆలోచించి ట్యాంకు రాసుకున్నవాడూ, ఫిరంగి రాసుకున్నవాడూ, మరమ్మతు పనే చాలనుకున్నవాడూ కాశ్మీర్ అడవుల్లో ఒకే గస్తీలో కలుసుకుంటారు, కాలినడకన.

ప్రమోషన్ల మాట తమరు ఎత్తరు, మంచిదే. ఏ శాఖైనా ఆరేళ్ళకి మేజర్, పదమూడేళ్ళకి లెఫ్టినెంట్ కర్నల్. కర్నల్ దగ్గర ఎంపిక బోర్డు కూర్చుంటుంది, అక్కడే శాఖ తేడా తెలుస్తుంది. కర్నల్ ఖాళీల్లో ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీలకి ఎక్కువ వాటా దక్కిందని మిగతావాళ్ళు వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో కోర్టు ఆ విధానాన్నే సమర్థించింది. ఇరవై దాటీ దాటని కుర్రాడు ఇవన్నీ తూచి రాయాలని తమరి ఉద్దేశం కాబోలు. తూచి రాసినా జనరల్ మనోజ్ పాండే లాంటివాళ్ళు లెక్క చెడగొడతారు. సాపర్లకి (ఇంజనీర్స్ శాఖవాళ్ళకి) పై కుర్చీ దక్కదని అందరూ నమ్ముతుండగా 2022లో ఇంజనీర్స్ నుంచి మొదటి ఆర్మీ చీఫ్ అయ్యారు. 1971 యుద్ధంలో ఆర్మీ చీఫ్‌గా ఉన్న మానెక్‌షాగారి సంగతి మరీను. 12వ ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంట్‌లో పెరిగిన మనిషి. 1947లో ఆ రెజిమెంటే పాకిస్తాన్ వాటాకి పోయింది, ఆయన 8వ గూర్ఖా రైఫిల్స్ మనిషయ్యారు.

అమ్మాయిల విషయంలో మాత్రం తమరికి శ్రమ తక్కువ. ఇన్‌ఫాంట్రీ, ఆర్మర్డ్ కోర్ అడగనక్కర్లేదు, ఆర్టిలరీ కూడా 2023లోగానీ తెరుచుకోలేదు.

తమరిని మార్చేయమని అడగడం లేదు. నాలుగు గడులు చేర్చమంటున్నాం, అంతే. ఎవరితో కలిసి బతకబోతున్నాడు, వాళ్ళ భాష నేర్చుకుంటాడా అని ఒకటి (గూర్ఖా పల్టన్‌కి వెళ్ళినవాడు నేపాలీ రాకుండా జవాను కష్టం ఎలా వింటాడు?). నూనె మరకలా, లెక్కలా, నడకా, ఏది ఓర్చుకోగలడని ఒకటి. ఐదో ఏడు ఒక మామూలు మంగళవారం ఏం చేస్తుంటాడో తెలుసా అని ఇంకొకటి. చివరిది, మూడో ఛాయిస్ వస్తే మొహం మాడ్చుకోకుండా వెళ్తాడా అని. చాలామందికి వచ్చేది అదే గనక.

ఇట్లు,
తమరిని నింపినవాళ్ళు

తా.క. మెరూన్ బెరే కోసం తమరి మీద గట్టిగా నొక్కి రాసేవాళ్ళకి దయచేసి చెప్పండి: పారా స్పెషల్ ఫోర్సెస్‌లో స్వచ్ఛందంగా చేరి నెలల తరబడి ప్రొబేషన్ గట్టెక్కాలి. అక్కడ ఛాయిస్ రాసేది పల్టన్.